చిన్నమ్మ డబ్బాలోని గోలీలు

మెడ మీది గడ్డ కోసం మొదలుపెట్టిన వైద్యం నా పెళ్లి సంబంధాన్ని బాత్రూం దాకా ఎలా తీసుకెళ్లిందో చెబుతాను. భోజనం చేస్తూ చదివేవాళ్లు ముందు చెయ్యి కడుక్కుని రండి.

అప్పుడు నేను తాండూరులో నాపరాళ్లు కోసే మిషన్ దగ్గర సూపర్‌వైజర్‌ని. అంటే రాళ్లు వేరేవాళ్లు కోస్తారు, నేను దుమ్ము పీలుస్తూ సలహాలిస్తాను. పక్కనున్న యాలాల్‌లో పెళ్లిచూపులకు వెళ్లి సుజాతను చూసొచ్చినప్పటి నుంచి ఆ సలహాలు కూడా మానేశాను. పిల్ల అంత నచ్చింది. ఇక ఆదివారం వాళ్లవాళ్లు మా ఇల్లు చూడటానికి రావాలి. నా మెడ వెనక రేగిపండంత కొవ్వుగడ్డ ఏళ్లుగా కాపురముంటోంది. అది వాళ్ల కంట పడకూడదని వికారాబాద్ వెళ్లి తీయించుకున్నాను.

డాక్టరమ్మ కుట్లు వేసి, "అయిపోయింది. తడి తగలనీయకు. నొప్పి లేస్తే గీ గోలీ వేసుకో" అంది.

"మరి సెప్టిక్ కాకుండ గట్టి గోలీలు మేడమ్?"

"అవసరం లేదు. శుభ్రంగ చేసిన చిన్న కోత, నీకు షుగరు గూడ లేదు. వాచినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా ఎంటనే రా. ఉత్తగనే యాంటీబయాటిక్ మింగితే కడుపు ఖరాబైతది."

నాకు అవమానమనిపించింది. హోటల్లో భోంచేసినవాడికైనా చేతిలో ఇంత సోంపు పెట్టి పంపుతారు కదా!

ఇంటికి చేరేసరికి మా చిన్నమ్మ బత్తాయిలతో సిద్ధంగా ఉంది. మా వాళ్లలో రోగిని చూడటానికి వచ్చినవాళ్లు ముందు చూసేది గాయాన్ని కాదు, గోలీల సంచిని.

"గోలీలు ఏవిరా?"

"నొప్పి గోలీ ఒక్కటే చిన్నమ్మా. గట్టియి రాయలే."

"మెడ కోసి గోలీలు రాయలేదా! గొర్రెకు ముల్లు గుచ్చుకుంటేనే మీ చిన్నాయన సూది ఏపిస్తడు. గొర్రె కన్న అగ్గువైనవారా?"

"అవసరం లేదన్నది."

"ఆదివారం యాలాలోళ్లు వచ్చేయాళ్లకు మెడ గుమ్మడికాయ లెక్క వాస్తే? పిల్లనిస్తరా?"

ఆ మాటతో నా ధైర్యం జారిపోయింది. చిన్నమ్మ కొంగుచాటు నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. ఇంట్లో ఎవరికి గోలీలు మిగిలినా ఆమె పారేయదు, ఊరగాయలా దాస్తుంది.

"గీ పెద్దది మీ చిన్నాయన పన్ను పీకినప్పటిది. గీ రంగుది మీ వదిన కాన్పుది. మస్తు పవరు."

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అంటారు. నా విషయంలో వైద్యురాలు పాలు వద్దంది, రోగి పాలే కావాలన్నాడు, చిన్నమ్మ కుండతో సహా పోసింది. రెండు రకాలూ పొద్దున, సాయంత్రం భక్తిగా మింగాను.

ఆదివారం తెల్లారేసరికి గాయం చక్కగా ఆరింది. కడుపులో మాత్రం మా రాళ్ల మిషన్ ఆన్ అయింది.

సుజాత నాయన, ఆమె ముసలి అవ్వ వచ్చి చాప మీద కూర్చున్నారు. "పొలమెంతుంది పిలగా?" అని నాయన అడిగాడు.

"రెండు..." అని లేచి ఉరికాను.

"రెండు ఏంది? ఎకరాలా, గుంటలా?"

"ఎకరాలు!" అని లోపలి నుంచే అరిచాను.

తిరిగొచ్చి చాయ్ కప్పు పట్టుకున్నానో లేదో మళ్లీ పరుగు. అవ్వ ఊరుకోలేదు. "పిలగాడు ఊకూకె ఏడికి పోతుండు?"

"జర సిగ్గెక్కువ అత్తమ్మా" అంది మా అమ్మ.

"సిగ్గు గాదు. పచ్చగడ్డి పడని గొర్రె గిట్లనే చేస్తది. ఏం మేసినవ్ కొడుకా?"

చెప్పేశాను. పన్ను గోలీ, కాన్పు గోలీ, అన్నీ. కాన్పు అనగానే సుజాత నాయన చాయ్ మింగడం మరిచిపోయాడు. చిన్నమ్మ డబ్బాను మెల్లగా చాప కిందికి తోసింది. ఆయన లేచి, "పోయి కబురు చేస్తం" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో పెళ్లికాని ప్రతివాడికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవటానికి కూడా తీరిక లేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "అవి బంద్ చెయ్. ఓఆర్ఎస్ తాగు. తగ్గకపోతే రా" అని, ఫోన్ పెట్టేయబోతూ, "కాన్పుదా?" అని అడిగింది. ఆమె నవ్వు ఆపుకోవడం నాకు వినిపించింది.

సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. "మెడ ఎట్లుంది?"

"మంచిగుంది."

"కడుపు?"

"జర నయం."

"మా నాయన వద్దన్నడు. అవ్వనే ఒప్పిచ్చింది. గంత ఇజ్జత్ పోయే ముచ్చట గూడ దాచకుంట చెప్పిండు, గీ పిలగాడు అబద్ధమాడలేడు అన్నది."

అలా పెళ్లయింది. మొన్నీమధ్య సుజాత చేతి మీద పులిపిరిని ఆ డాక్టరమ్మ దగ్గరే తీయించుకుంది. చిన్నమ్మ బత్తాయిలతో దిగింది, చంకలో డబ్బా.

"గోలీలు ఏవే బిడ్డా?"

సుజాత నా వైపు వేలు చూపించింది. "నావి గూడ గీయన పెండ్లికి ముందుగాల్నే మింగిండు చిన్నత్తమ్మా."

కాబట్టి పాఠకులారా, తాండూరు బండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు రాయని గోలీ ఇక ఈ గొంతు దాటదు. నన్ను చూడటానికి వచ్చేవాళ్లు బత్తాయిలు తెండి, డబ్బాలు ఇంట్లోనే పెట్టి రండి.