బెజవాడ దాకా ఎన్ని ఎంబీలు

అత్త పోయిందని బాపు ఫోన్ చేసినప్పుడు నేను నల్గొండ గ్రంథాలయంలో ఉన్నాను. "బిడ్డా, అత్త పోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెస్తున్నం" అన్నాడు. ఫోన్ పెట్టేశాక తెరిచిన పుస్తకం మూసి కౌంటర్లో ఇచ్చేశాను. తర్వాత ఊరి బస్సెక్కాను.

అత్త బాపుకు చెల్లెలు. నార్కట్‌పల్లిలో లారీలు ఆగే చోట ఒక చిన్న మడిగెలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపింది. డిగ్రీ తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి, కొన్నాళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, అది మానేసి దుకాణం పెట్టుకుంది. నేనప్పుడు కాన్వెంటు హాస్టల్లో ఉండేదాన్ని. సెలవులకు ఊరికి వెళ్లే దారిలో ఆమె దగ్గర దిగేదాన్ని. అక్కడ కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు, ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు. వచ్చినవాళ్లు పలకరించి జవాబు రాక చూస్తుంటే, "మా కోడలు మాటలు పొదుపు జేస్తది, ఏమనుకోకుర్రి" అనేది అత్త.

ఇప్పుడు ఏ పాట అడిగినా ఫోన్లో వస్తుంది కాబట్టి చిన్నవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో పాటలు కావాలంటే దుకాణానికి వచ్చి చిప్పులో ఎక్కించుకోవాలి. చిప్పంటే మెమరీ కార్డు, గోరంత ఉంటుంది. లారీ డ్రైవర్లు చాయ్ తాగేలోపు అత్త వాళ్ల చిప్పులు నింపి ఇచ్చేది.

"ఎందాక పోతున్నవన్నా?"

"బెజవాడ."

"లోడు మీదున్నవా?"

"ఆ, సిమెంటు."

"అయితే నాలుగు గంటలు. రెండు వందల నలభై ఎంబీలు సరిపోతయి."

"నిండ నింపక్కా, మళ్లొచ్చేది లేదా?"

"వచ్చేటప్పుడు వేరే పాటలు వినవా? గవ్వే వింటే నిద్రొస్తది. నిద్రొస్తే పాట ఆపదన్నా, బండి నువ్వే ఆపాలె."

దూరాన్ని ఎంబీల్లోకి ఎలా మారుస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి చిత్తు కాగితం మీద చేసి చూపింది. మామూలు పాట సెకనుకు నూట ఇరవై ఎనిమిది కిలోబిట్లు తీసుకుంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఎనిమిదితో భాగిస్తే పదహారు కిలోబైట్లు. దాన్ని అరవైతో హెచ్చిస్తే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ. "గంతే. ఇగ నిమిషాలు లెక్కబెట్టుకో" అంది. బళ్లో ఆ పాఠం నేను అప్పటికే బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. దానికి రోడ్డుతో సంబంధం ఉందని అక్కడే తెలిసింది.

ఆ దుకాణం ఒక్కసారే మూతపడేదాకా వచ్చింది. కూడలిలో ఒంటరి ఆడమనిషి నడిపే దుకాణానికి పేరే ఆధారం. అది పోతే రేపటి నుంచి షట్టరు ఎత్తి లాభం లేదు. ఆ రోజు వరికోత మిషన్ నడిపే ఒకాయన, ముందురోజు కొన్న చిప్పు ఫోన్లో పెట్టుకుని వచ్చాడు.

"ఎనిమిది జీబీ అని అమ్మినవ్. ఏడున్నర గూడ చూపుత లేదు. నడుమల సగం జీబీ ఏడ వాయె?"

"ఏడికి వోలేదన్నా."

"మరి నా ఫోను అబద్ధమాడుతాందా?"

చాయ్ హోటల్ దగ్గరి జనం కదిలి వచ్చారు. అత్త సీలు తీయని చిప్పులన్నీ ఆయన ముందు పెట్టి, నచ్చింది తీసి సొంత చేత్తో చింపమంది. అందులోనూ అంతే చూపింది. "అరే, కంపెనోడే దొంగ" అన్నారు ఎవరో. నవ్వుకుని వెళ్లిపోయేవాళ్లే. అత్త వెళ్లనివ్వలేదు.

"వాడు గూడ దొంగ గాదు. కంపెనోడు వెయ్యి బైట్లకు ఒక కిలో అంటడు. ఫోను వెయ్యి ఇరవై నాలుగైతెనే కిలో అంటది. పెద్ద మానికతోని కొలిస్తే అవే వడ్లు తక్కువ మానికెలు అయితయి గదా. గింజ ఎక్కడికి వోలేదు."

ఆయన అత్తను తేరిపార చూశాడు. "మా తాతకు దొర గిట్లనే చెప్పిండు. తీసుకునేటప్పుడు పెద్ద మానిక, ఇచ్చేటప్పుడు చిన్న మానిక. గింజ ఎక్కడికి వోలేదట."

మా తాతలూ ఆ మానికల కింద కూలి చేసినవాళ్లే. అత్తకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆయన చిప్పు కౌంటర్ మీద పడేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"లెక్క కరెక్టే గదా అత్తా" అన్నాను జనం పోయాక.

"లెక్క కరెక్టే కోడలా. సామెత తీరు జెప్పిన, గాయన పాత దెబ్బ మీదనే తాకింది. దెబ్బలున్నకాడ ముందుగాల్నే చూపియ్యాలె, అయినంక జెప్పొద్దు."

కొన్ని నెలలు లారీలు ఆగినా డ్రైవర్లు దుకాణం దాటి పోయేవాళ్లు. మూసేసి మళ్లీ బడికి వెళ్లమని బాపు అన్నాడు. ఆమె మూయలేదు, పని పద్ధతి మార్చుకుంది. ఏ చిప్పు అమ్మినా ముందు కొనేవాళ్ల ఫోన్లోనే పెట్టించి, అది ఎంత చూపుతుందో వాళ్ల చేతే పైకి చదివించి, ఒప్పుకున్నాకే డబ్బు తీసుకునేది. చదవడం రానివాళ్లకు అంకెలు ఒక్కొక్కటిగా వేలుపెట్టి చూపేది. పని ఆలస్యమయ్యేది. మెల్లగా జనం తిరిగొచ్చారు.

తర్వాత డేటా చౌకైంది, పాటలు ఎక్కించుకునేవాళ్లు తగ్గారు. అప్పుడు కొత్త ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇంటర్నెట్టుకు యాభై ఎంబీ స్పీడని చెప్పి ఆరే ఇస్తున్నారని కోపంగా వచ్చేవాళ్లను కూర్చోబెట్టి, "వాళ్లు బిట్లల్ల అమ్ముతరు, మనం బైట్లల్ల వాడుకుంటం. ఎనిమిదితోని భాగించు, తర్వాత కొట్లాడు" అనేది. నాకు మాత్రం వేరేగా చెప్పింది. "అంకె చూసి ఆగం గాకు. దేంతోని కొలిచిర్రో అడుగు." పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చినప్పుడు, నాతో చదివినవాళ్ల ఉద్యోగాల గురించి విన్నప్పుడు, ఈ మాట నన్ను చాలాసార్లు నిలబెట్టింది.

సమాధి కార్యక్రమం అయిన మరుసటి వారం దుకాణం ఖాళీ చేయడానికి వెళ్లాను. బాగుచేయడానికి, ఫొటోలు ఎక్కించడానికి జనం వదిలి వెళ్లిన చిప్పులు చిన్న కవర్లలో ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. చివర్లో ఒకామె గడప దగ్గర నిలబడి తన పేరు చెప్పింది. బిడ్డ పెండ్లి ఫొటోలట, ఇంకెక్కడా లేవట. కవరు వెతికి, చిప్పును నా ఫోన్లో పెట్టి ఆమెకు చూపించబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"చూసుడెందుకమ్మా? మీ అత్త పెట్టింది గదా."

చిప్పును అరచేతిలోకి తీసుకుని, కొంగు చివర పెట్టి ముడి వేసింది. ఆ ముడిని రెండు వేళ్లతో ఒకసారి నొక్కి చూసుకుని, లారీల మధ్య నుంచి సూర్యాపేట బస్సు వైపు నడిచింది.