అవ్వ గీసిన తొవ్వ

మా పక్కింటి అవ్వ పోయింది. కూతుర్ని చూడ్డానికి బిచ్కుంద వెళ్లి, అక్కడే నిద్రలో కన్నుమూసిందని మొన్న కబురొచ్చింది.

మాది వర్ని దగ్గర కాలువ కింద పొలాలు కొనుక్కున్న కోస్తా కుటుంబం. డెబ్భై ఒకటిలో బాన్సువాడకు కాపురానికి వచ్చిన కొత్తలో అవ్వ మాట నాకు సగమే అర్థమయ్యేది. తొవ్వ అంటే దారి అని చెప్పింది ఆమే. వాకిట్లో ఆమె వేసే ముగ్గు ఎప్పుడూ వంకరే. "చేతులు ఖాళీగున్నయా బిడ్డా? నువ్వే వచ్చి వెయ్యరాదు" అని నన్ను పిలిచేది.

ఒక్క ముగ్గు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అది కాన్పు కోసం గీసే తొవ్వ ముగ్గు. కంచు పళ్లెంలో తడి పసుపు పరిచి, నోరు మెదపకుండా, వేపపుల్లతో నడుమ నుంచి అంచుదాకా మెలికలు తిప్పుతూ ఒకే గాడి గీసేది. నొప్పులు పడే మనిషి ఆ గాడిలో వేలు పెట్టి బయటికి రావాలి. బిడ్డ పుట్టాకే పళ్లెం కడిగి, ఆ నీళ్లు తులసి మొదట్లో పోయాలి. ఊరికే గీస్తే దాని బలం పోతుందట.

నా తొలి కాన్పుకి మధ్యాహ్నమైనా బిడ్డ దిగలేదు. అవ్వ మొదట మా ఆయన్ని బండి కట్టమని తరిమింది. "ముగ్గు ముగ్గే, దవాఖాన దవాఖానే. జల్ది పో!" తర్వాత పళ్లెం నా ఒళ్లో పెట్టింది. ఆ మెలికలు చూసి హడలిపోయాను.

"ఇందులో తప్పిపోతాను అవ్వా."

"ఏంది, గట్లంటవు? మంచిగ చూడు. మెలికలు మస్తుగున్నయి గని తొవ్వ ఒక్కటే. ఆగితే ఆగుతవు, తప్పిపోవు."

అవ్వ కూడా నాతో బండెక్కింది. దారిలో కుదుపులకు పసుపు జారి చివరి మెలిక పూడిపోయింది. బావురుమన్నాను. అవ్వ తిట్టలేదు, మంత్రమూ చదవలేదు. గోటితో గాడి మళ్లీ తెరిచి, "ఇగ నడువ్" అంది. చీకటి పడకముందే దవాఖానలో నా కూతురు పుట్టింది. ముగ్గుకి బలం ఉందా అంటే నేనేం చెప్పను? ఆ రోజు పట్టుకోవడానికి నాకు అదొక్కటే ఉంది.

తర్వాతి రెండు కాన్పులకూ అదే పళ్లెం. నేర్పమంటే, "ఫికర్ ఎందుకే, నేనున్న గద!" అనేది.

నిన్న, ఇంట్లోవాళ్లంతా బిచ్కుందలో ఉండగా, పురిటికి పుట్టింటికొచ్చిన అవ్వ మనవరాలికి నొప్పులు మొదలయ్యాయి. జీపు కోసం మనిషిని పంపాను. ఆ పిల్ల అవ్వ కంచు పళ్లెం వైపు చూసింది.

"అవ్వ నీకు నేర్పిందా పెద్దమ్మా?"

"లేదమ్మా" అన్నాను. పిల్ల ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడలేక పసుపు తడిపాను. పుల్ల పట్టుకుంటే గాడి ఎటు తిప్పాలో తోచలేదు. పుల్ల పక్కన పడేసి, కళ్లు మూసుకుని చూపుడు వేలు నడుమ పెట్టాను. మూడుసార్లు ఆ దారినే బయటికొచ్చిన వేలు ఏ మెలిక దగ్గరా తడుముకోలేదు.

"ఒక్కటే తొవ్వ బిడ్డా. ఇగ నడువ్" అన్నాను. నా నోట అవ్వ మాట విని ఆ పిల్ల అంత నొప్పిలోనూ నవ్వి, వేలు ముందుకు జరిపింది.

ఈ ఉదయం అవ్వ వాకిట్లో, తులసి మొదట్లో మట్టి పసుపు నీళ్లతో తడిసి ఉంది.