ఒక ఇంట్లో మూడు పొయ్యిలు

కరీంనగర్‌లో నేను వెళ్లే గ్రంథాలయంలో డేటాబేసుల మీద ఒక్కటే పుస్తకం ఉండేది. ఇంటికి ఇచ్చేవారు కాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజూ సాయంత్రం చదివి, సగం పుస్తకం నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నాను. తొంభైల మొదట్లో ఒక గ్యాస్ ఏజెన్సీలో కంప్యూటర్ ముందు కూర్చున్నది ఆ చదువుతోనే. ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

కరెంటు పోయినప్పుడల్లా ఇండెక్స్ చెడిపోయేది. ఏ రికార్డు ఎక్కడుందో చూపేది అదే. అది చెడితే కనెక్షన్ ఉన్న మనిషి కూడా వెతికితే దొరకడు. దొరకలేదు కదా అని కొత్త నంబరుతో మళ్లీ ఎక్కించేవాళ్లం. చివరికి ఇండెక్స్‌ను సరిచేసి చూస్తే ఒక్కో మనిషి రెండేసి, మూడేసి సార్లు ఉన్నాడు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు ఒకటే అయితే ఒకటి ఉంచి మిగతావి తీసేయమంది పుస్తకం. తీసేశాను. మళ్లీ తిరిగి రాకుండా పూర్తిగా చెరిపేసి, ఏజెన్సీ సేటుకు గొప్పగా చూపించాను.

వారం తిరగకముందే ఒకామె గ్యాస్ పుస్తకం పట్టుకుని వచ్చింది.

"మా పెద్ద యారాలుకు సిలిండర్ అచ్చింది, నాకు రాలే. అడిగితే నీ నంబరే లేదంటుండ్రు. నాలుగు దినాల సంది కట్టెల పొయ్యి ఊదుతున్న సారూ!"

నంబరు కొట్టాను. లేదు. భర్త పేరు అడిగితే నోటితో చెప్పక, పుస్తకం తెరిచి చూపించింది. ఆ పేరుతో, ఆ ఇంట్లో ఒకాయన ఉన్నాడు. నంబరు మాత్రం వేరు.

"ఈయనేనా?"

"ఆయన మా బావ, పెద్దాయన. మా ఆయన నడిపాయన. చిన్నాయన ఇంకొకడున్నడు. మా అత్త ముగ్గురికీ ఇంటి దేవుని పేరే పెట్టింది. ఇల్లు ఒక్కటే, పొయ్యిలు మూడు."

ఇది నాకు తెలియని ఆనవాయితీ కాదు. మా మేనమామలిద్దరిదీ ఒకే పేరు. పేరు రాసే గడి చిన్నదని, పెద్ద, నడిపి, చిన్న అన్నవి ఉత్త పిలుపులే కదా అని వదిలేసింది నేనే.

సేటు అంతా విన్నాడు. "ఏం మియా, గా లైబ్రరీ పుస్తకంల నడిపోడు లేడా?"

"లేడు సేట్."

"మరి గీమె చాయ్ ఎట్ల పెట్టుకోవాలె?"

సిలిండర్ల బుకింగులు వేరే పట్టికలో ఉండేవి. రెండు పట్టికలనూ కలిపేది కనెక్షన్ నంబరు. అక్కడ వెతికితే ఆమె నంబరు ఉంది. పోయిన నెల దాకా సిలిండర్లు తీసుకుంది. చేతిలోని గ్యాస్ పుస్తకంలో ఉన్న నంబరు మీదే తప్ప, పొరపాటున రెండోసారి ఎక్కిన నంబరు మీద ఎవరూ సిలిండర్ తీసుకోరు కదా! బుకింగుల్లో ఉండి మనుషుల్లో లేని నంబర్లన్నీ బయటికి తీశాను. చిన్నాయన కూడా దొరికాడు, అలాంటి ఇళ్లు మరికొన్ని కూడా. పాత దరఖాస్తులు దించి, పిలుపుతో సహా ఎక్కించడం మొదలుపెట్టాను. మొదట ఆమెదే.

"అయ్యిందమ్మా. రేపు వస్తది, పోయిరా."

"నీ డబ్బా మీద నాకు నమ్మకం లేదు బిడ్డా. సిలిండర్ కదిలేదాక ఈడ్నే కూసుంట."

సేటు నవ్వుకుంటూ గోదాముకు చీటీ రాశాడు. రిక్షా వచ్చేదాకా ఆమె బల్ల మీది నుంచి లేవలేదు. వచ్చాక సిలిండర్ మీద చెయ్యి వేసి, రిక్షా పక్కనే ఇంటిదాకా నడిచింది.