అప్పుడు నెట్ లేదన్నాను

ఒక అబద్ధాన్ని ఏడేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు చిన్న వాక్యాలు. పోలీసులు అడిగేది కాదు, కోర్టుకు ఎక్కేది కాదు. అందుకే ఇంతకాలం దాచుకోగలిగాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. కాబట్టి మీకే చెప్తున్నాను.

ఒకప్పుడు దినపత్రిక సిటీ పేజీల్లో కంప్యూటర్ల గురించి వారం వారం రాసేవాణ్ణి. అది చదివి దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ దుకాణాల వాళ్లు పిలిచేవారు. కంప్యూటర్లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంచుకోవాలా, కొత్తది వేయించాలా? వాళ్లు అడిగేది అదే. పత్రిక మానేశాక అదే నా బతుకుతెరువైంది. నాకో పద్ధతి ఉంది. ప్రతి కంప్యూటర్ ముందు కూర్చుంటాను. దాని మీద పని చేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారో అడుగుతాను. తర్వాత ఒక కాగితం మీద రాసిస్తాను: ఇది మార్చండి, ఇది ఉండనివ్వండి, కారణం ఇది.

భిక్షపతిది దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పోచంపల్లి వైపు నేత కుటుంబం. వాళ్ల నాన్న గ్రాఫ్ కాగితాల మీద గీసిన ఇక్కత్ డిజైన్లు వెనక గదిలో ఒక పాత కంప్యూటర్లో ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా ఎక్కించింది అక్కడి ఆపరేటర్ మంజుల. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్ మీద నడవదు. పాత సిస్టమ్‌కేమో వైరస్‌ల నుంచి రక్షణ ఇవ్వడం కంపెనీ ఆపేసింది. నెట్ లేకపోతే పాతదే ఉంచుకోవచ్చు. ఉంటే ప్రమాదం. నేను తేల్చాల్సింది అంతే.

ఆ రోజు నేను కూర్చోలేదు. చీరల మూటలు అడ్డంగా ఉన్నాయి. గడప దగ్గరే నిలబడ్డాను. మంజుల లోపలి నుంచి చెప్పింది: "సార్, దీనికి నెట్ ఉంది. డిజైన్లు మగ్గాల కాడికి దీంట్లకెళ్లే పంపుతం."

"చూస్తలే అమ్మా" అన్నాను.

ఏం చూశాను? ఎదురు హోటల్లో చాయ్ తాగుతూ కాగితం రాసేశాను. డిజైన్ కంప్యూటర్‌కు నెట్ లేదు, పాత సిస్టమే ఉండనివ్వండి అని. నేరుగా భిక్షపతికే ఇచ్చాను, మంజుల దాన్ని చూడలేదు. ఆమె మాట నాకు వినపడలేదా? వినపడింది. ఇలాంటి పాత కంప్యూటర్లకు ఎవరూ నెట్ పెట్టరని నాకు ముందే ఒక నమ్మకం, పైగా ఆపరేటర్ పిల్లకు ఏం తెలుసులే అన్న చిన్నచూపు. రెంటిలో ఏది ఎక్కువో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. రెండోదే.

నాలుగు నెలలకు భిక్షపతి ఫోన్ చేశాడు. వైరస్ పడి డిజైన్ల ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. వేరే కాపీ లేదు. గ్రాఫ్ కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి.

వెళ్లేసరికి నా కాగితం ఆయన చేతిలో ఉంది.

"నెట్ లేదని రాసిన్రు గద సార్. మరి గిదేంది?" అంటూ మూటల వెనక నుంచి కేబుల్ లాగి చూపించాడు. డిజైన్లు మగ్గాలకు చేరాయా లేదా అన్నదే ఆయనకు పట్టింది గాని, ఎట్లా చేరుతున్నాయో ఎన్నడూ అడిగినవాడు కాదు.

"అప్పుడు లేదు. తర్వాత ఎవరో పెట్టిన్రు" అన్నాను.

ఆ గదిలో కూర్చునేది మంజుల ఒక్కతే. ఎవరో అంటే ఎవరు?

"మీకు చెప్పిన గద సార్, నెట్ ఉందని" అంది ఆమె, నెమ్మదిగా.

"ఏందమ్మా, పేపర్ల రాసేటాయన అబద్ధం రాస్తడా?" అన్నాడు భిక్షపతి. "వాట్సాప్ కోసం వైరు గుంజుకున్నవు. జర మాకన్న ఒక మాట చెప్పాలె గద."

ఆమె నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను. 

మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రావొద్దన్నారు. ఆ బజారులో మాట తొందరగా పాకుతుంది. తర్వాత ఏ దుకాణమూ ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోనివ్వలేదు. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఒక బట్టల షాపులో, చూపించిన చీరలు మళ్లీ మడతపెట్టే పని చేస్తోందని విన్నాను. నన్నెవరూ ఏమీ అనలేదు. సారు చెప్పినట్టు వినకపోతే ఇట్లనే అయితదని భిక్షపతి నలుగురికీ చెప్పాడు. నాకు పని పెరిగింది.

ఇప్పుడు ఇంకో సిస్టమ్ గడువు ముగిసింది. పోయిన నెల భిక్షపతి మళ్లీ పిలిచాడు. ప్రతి కంప్యూటర్ ముందూ కూర్చున్నాను, ప్రతి వైరూ చేత్తో పట్టుకుని చూశాను. ఈ జాగ్రత్త ఎవరికోసం? మంజులకైతే దీనివల్ల ఒరిగేదేమీ లేదు. చెప్పేద్దామనుకుని ఆయన గల్లా దగ్గర కాసేపు నిలబడ్డాను. కూర్చోమన్నాడు. తమ ఊరి నుంచే కొత్త డిజైన్లు వస్తున్నాయని సంబరంగా చూపించాడు. చూసి వచ్చేశాను.

మంజుల చెప్పింది నిజం. ఆ రోజు ఆ కంప్యూటర్‌కు నెట్ ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ఈ మాట ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. రాశాక కొంచెం ఊపిరాడుతోంది. అది నా సంగతి. ఆమెకు ఇంకా ఏమీ అందలేదు.