విసుర్రాయి కింద గాసునూనె డబ్బా

మాయన ప్రేమదాసు మొయినాబాద్ బడిల అటెండరు. అరవైతొమ్మిదిల ఉద్యమానికి బడులు మూతపడ్డయి. పిల్లలు రోడ్లమీద, సార్లు జైళ్లల్ల. గంట కొట్టే పని లేని మాయన మాత్రం నా వంటింట్ల.

బంద్‌లకు పట్నం నుంచి ఏదీ రాదని, క్రిస్మస్ దీపాలకు మూడు డబ్బాల గాసునూనె మా చర్చిల దాచిపెట్టిన్రు. చేవెళ్ల షావుకారు ముకుందం కొత్తగ తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు. ఒకదాని మీద ఒకటి పేర్చి, "ఏనుగెక్కినా ఏంగాదు" అన్నడు. చేవెళ్లకు ఏనుగు ఎన్నడొచ్చిందో ఆయనకే ఎరుక.

మాయనకు నమ్మకం కుదర్లే. "ఒక్కనాడైతే ఎంత బరువైనా మోస్తది. గాసునూనెల నానుకుంట నెలలకొద్దీ మొయ్యాల్నంటే?" అన్నడు. అదేరోజు, ఏప్రిల్ తొమ్మిదిన, అసొంటిదే ఒక డబ్బా నిండ గాసునూనె, ఇంకోదాని నిండ నీళ్లు పోసి, మీద రెండు డబ్బాలంత బరువుండే విసుర్రాళ్లు పెట్టిండు. ఒకటి నాది, ఒకటి పక్కింటి మారెమ్మది. ఆ ఏడాది రెండిండ్లల్ల పిండి లేదు, శాస్త్రం ఉన్నది.

డబ్బా ఎత్తు పుల్లతోని కొలిచి గాటు పెట్టేటోడు. మొదటి రోజు గాటు నుంచి రెండోనాటికి వడ్లగింజంత దిగింది. ఇంకో గింజ దిగనీకి నాలుగో రోజు దాక పట్టింది. తర్వాతిది ఎనిమిదో రోజు, ఆ పైది పదహారో రోజు.

"ఆగిపోయింది గదనయ్యా!" అని సంఘపెద్ద స్వామిదాసు నవ్విండు.

"ఆగలేదన్నా, నిమ్మళంగ నడుస్తున్నది. దినాలు రెట్టింపైతే ఒక గింజ."

నీళ్ల డబ్బా సగం గింజ గూడ దిగలే. ఇగ ఖాళీ డబ్బా ఎక్కి తనే కూసున్నడు. ఎనిమిది గింజలంత దిగంగనే అది మడతపడ్డది, ఆయన నా పొయ్యికట్టెల మీద పడ్డడు. లేస్తనే లెక్క చెప్పిండు: "ఎనిమిదో గింజ దిగేది రెండొందల యాభయ్యారో రోజు. డిసెంబరు ఇరవై. పండుగకు దీపాలుండయి."

ఊరు ఊరంత "ప్రవక్త ప్రేమదాసు" అని పిలువవట్టె.

నవంబరుల జ్వరమొచ్చింది. దవాఖాన మంచం మీద నా చెయ్యి పట్టుకుంటే ఏదో మంచి మాట అంటడనుకున్న. "పొద్దుగాల కొలిచినవా?" అన్నడు. అదే ఆఖరు మాట.

డిసెంబరు పంతొమ్మిదిన పుల్ల తీస్కపోయి స్వామిదాసన్నకు చూపెట్టిన.

"ఇంటికి పోయి ప్రార్థన చేస్కో చెల్లె."

"సరే అన్న. చర్చి ఊడుస్త, జర తాళంచెవి ఇయ్యి."

ఊడ్చిన. పైనున్న రెండు డబ్బాలు దించి నేలమీద పెట్టిన.

క్రిస్మస్ నాడు దీపాలు బ్రహ్మాండంగ వెలిగినయి. "చూస్తిరా, ఒక్క చుక్క పోలే. పాపం, ప్రేమదాసు లెక్క తప్పింది" అని అందరి ముంగట అన్నడు స్వామిదాసన్న. నేను తలవంచుకొని పాట పాడిన.

మా ఇంట్ల గాసునూనె డబ్బా అంతకు మూన్నాళ్ల ముందే, ఇరవై రెండున, మడతపడి పగిలింది. నూనె వాకిట్ల దాక పారింది. చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన పాత అంగీతోని తుడిచి, పుల్ల తీసి ఆఖరు గాటు పెట్టిన.

రెండు రోజులు తప్పింది. ఉండి ఉంటే ఏడాదంత దెప్పేదాన్ని.