మీనాంబాళ్ మేస్త్రీ ఇచ్చిన పేరు

మా అత్త మీనాంబాళ్‌ది ఇంట్లో తెలుగు, మిల్లు గేటు దాటి లోపలికి పోతే తమిళం. కోయంబత్తూరులో మావాళ్లందరం రెండూ కలిపి మాట్లాడేవాళ్లమే గానీ ఆమె మాత్రం ఈ గీత దాటేది కాదు. రీలింగ్ డిపార్ట్‌మెంటుకి మేస్త్రీ ఆమె. కింద పనిచేసే ఇరవైమంది ఆడవాళ్లలో సగం మంది చుట్టాలే. "తెలుగులో తిడితే చుట్టరికం అడ్డం వస్తాది" అనేది. నాన్నకి సొంత చెల్లెలు, నన్ను పనిలో పెట్టించింది కూడా ఆమే. అయినా మిల్లులో "అత్తా" అంటే పలికేది కాదు.

బాబిన్ల మీది నూలుని రీలనే పెద్ద చట్రానికి చుట్టి చిలపలు, అంటే నూలు కట్టలు, చేయడం మా పని. పోగు తెగితే రీలు ఆపి ముడి వేయాలి. ముడి సన్నగా ఉండాలి, జారకూడదు. మూడేళ్లు చేసినా నాకు ఆ ముడి రాలేదు. సన్న నూలు నా కంటికి ఆనేది కాదు. పక్క రీలు పొన్నుది. నా పోగు తెగితే తన రీలు ఆపుకుని వచ్చి, రెండు వేళ్లతో ముడి వేసి పోయేది. నాకే కాదు, వరసలో ఇంకో నలుగురికి కూడా. సాయంత్రం పలక మీద ఎవరెన్ని చిలపలు తీశారో సుద్దతో రాసేవారు. నావి ఎక్కువ, పొన్నువి తక్కువ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు నేను తలవంచుకుని ఇంటికి పోయేదాన్ని.

కరెంటు కోత పెట్టిన ఏడు మిల్లు సగం పూటే నడిచింది. సూపర్‌వైజర్ గోవిందరాజన్ అత్తని పిలిపించి, రీలింగులో ఒకరిని తీసేయాలి, మూడు రోజుల్లో, శనివారానికి, పేరు చెప్పమన్నాడు. ఆ మూడు రోజులూ వరసలో ఎవరైనా దగ్గినా ఉలిక్కిపడేవాళ్లం. అత్త ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరచిపోయేది.

శనివారం ఆమె పలక చూసింది. అట్టడుగున పొన్ను పేరుంది. పని ముగిసిందని మిల్లు సంగు ఊదగానే పొన్ను ముందు నిలబడి, "తింగక్కిళమై వేలైకి వరవేండాం" అంది. సోమవారం నుంచి పనికి రావద్దని.

పొన్ను తెలుగులోనే అడిగింది: "నేనేం తప్పు చేస్తినక్కా?"

అత్త పలక వైపు వేలు చూపించింది. పొన్ను నా వైపు చూసింది. నేను ఒక్క మాట చెబితే చాలు. కానీ చెబితే పోయేది నా పనే. దూది ఏకే కార్డింగ్ మిషనులో చెయ్యి నలిగి మా ఆయన ఇంట్లో కూర్చున్నాడు, ఇద్దరు పిల్లలు. పొన్ను ఇంట్లో మాత్రం ఏముంది, ఆమె కూలి మీద బతికే ముసలి తల్లి తప్ప! అదంతా తెలిసీ నేను చీర కొంగుకి అంటిన దూది ఏరుకుంటూ నిలబడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సోమవారం నుంచి మా వరస కుంటుపడింది. రీళ్లు మాటిమాటికీ ఆగేవి. మేం వేసిన ముళ్లు జారి చిలపలు వెనక్కి వచ్చేవి. బుధవారం గోవిందరాజన్ విడిపోయిన చిలప ఒకటి తెచ్చి అత్త కాళ్ల ముందు విసిరాడు. ఇలాగే ఉంటే వరస మొత్తాన్నీ, మేస్త్రీతో సహా, మార్చేస్తానన్నాడు.

ఆ సాయంత్రం మేమంతా ఉండే లైను ఇళ్ల కొళాయి దగ్గర పొన్ను కనబడింది. తప్పించుకుందామనుకున్నాను. ఆమే నా బిందె ఎత్తి చంకకి అందించింది.

"నీ పోగు తెగితే ఇప్పుడు ఎవరు ముడి వేస్తా ఉండారు?" అంది.

ఎత్తిపొడుపు అయితే ఓర్చుకునేదాన్ని. ఆమె నిజంగానే దిగులుపడి అడిగింది.

గురువారం అత్త వరస ముందు నిలబడి, ఇన్నాళ్లూ మీ ముళ్లు ఎవరు వేశారని తమిళంలో అడిగింది. నేను లేచాను.

"పొన్ను వేసింది అత్తా. నాకి ముడి రాదు."

మిల్లులో అత్తా అన్నందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్ను గోవిందరాజన్ దగ్గరికి తీసుకుపోయి, తప్పు పేరు ఇచ్చానని ఒప్పుకుంది. ఒకరు పోవడం మాత్రం తప్పదు, సరైన పేరేదో చెప్పమన్నాడాయన.

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పొన్ను నీ రీలు కాడ నిలబడింది రెండు తూర్లు చూస్తినే మునియమ్మా. అన్న బిడ్డవని మొగం తిప్పుకుంటిని. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది కదా. ముడి రాదని నీవే చెప్తివి. తప్పు నాది, పోయేది నీ పని. రేపటినించి రావద్దు తల్లీ."

మిల్లు లోపల ఆమె నోట తెలుగు వినడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ఆమె పొన్ను ఇంటికి పోయి, గడప బయటే నిలబడి తప్పు చెప్పుకుని, మర్నాటికి రమ్మంది. తర్వాత పలక మీద మనిషి మనిషికీ రాయడం మాన్పించి, వరసకంతా కలిపి ఒకటే లెక్క రాయించింది. ముడి తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి నేర్పాలని, అలా తమ రీలు ఆపి నేర్పిన సేపు కూడా పనికిందే వస్తుందని గోవిందరాజన్‌తో వాదించి ఒప్పించింది. ఇవన్నీ పొన్ను చెబితే తెలిశాయి. నేను కూలికి పోయి పత్తి ఏరుతూ, అత్తని తిట్టని రోజు లేదు.

ఆమె మాత్రం రోజూ సంగు ఊదాక మా గుమ్మం ముందు ఆగేది. "తింటివా?" అని అడిగేది. నేను తలుపు వెనకనే ఉండేదాన్ని, పలికేదాన్ని కాదు. కాసేపు నిలబడి పోయేది. ఇలా ఎనిమిది నెలలు. ఒకరోజు వానలో తడుస్తూ నిలబడింది. అప్పుడు తలుపు తీశాను.

"తింటిని. నీవు తింటివా అత్తా?" అన్నాను.

లేదంది. లోపలికి రమ్మని అన్నానికి ఆకు వేశాను.