యాదమ్మ వాకిట్ల పడ్డ కోణం

ఇటు దగ్గరికి జరిగి కూసోండ్రి, కుర్చీ వద్దు, చాప మీదనే. కరెంటు ఆఫీసుల పనిచేసి రిటైరైన మనిషిని, స్తంభం ముచ్చట చెప్త.

హెల్పర్ నుంచి లైన్‌మన్ అయ్యి, బదిలీ మీద మొఘల్‌పురాకు వచ్చిన ఏడాది, వానకాలం ముంగట. ఒక గల్లీ మలుపుల స్తంభం పాతిన. మలుపుల స్తంభాన్ని రెండు తీగలు చెరో దిక్కు గుంజుతయి. అది ఒరగకుండ వెనుక నుంచి ఇనుప తాడు భూమిల బిగిస్తం, స్టే అంటరు. రెండు తీగల నడుమ కోణం ఎంతనో చూసి, దాని సగానికి సరిగ్గ ఎదురుంగ పడాలె అది.

పడే జాగా యాదమ్మ వాకిలి. నాలుగు బర్రెలతోని పాలమ్ముకొని బతికే మనిషి. "కట్టేసే జాగా మారిస్తె బర్రె పాలు చేపదు, పో" అన్నది. లొల్లి ఎందుకని నాలుగడుగులు పక్కకు, గోడ అవతల బిగించిన. తప్పు నాదే. వారం తిరగకముందే స్తంభం ఎదురింటి రేకుల మీదికి ఒరిగింది. ఆ ఇల్లు ఖైరున్నిసాది, గల్లీల అందరు ఖాలా, అంటె పిన్ని, అని పిలుస్తరు. ఆమె బిడ్డ పచ్చి బాలింత.

ముందుగాల తల్లీపిల్లను పక్కింటికి పంపిన. ఎల్‌సీ తీసుకున్న, అంటే లైన్ల కరెంటు బందు చేసినమని సబ్‌స్టేషన్ ఇచ్చే మాట. ఇంజినీరు సార్లు కోణాన్ని కాగితం మీద తీస్తరు. నాకు సుతిలి తాడు చాలు. స్తంభం మొదలు నుంచి ఒక తీగ కింద పదడుగులకు సుద్దగీత, రెండో తీగ కింద పదడుగులకు ఇంకోటి. గీతల నడుమ గూడ పదే వస్తె కోణం అరవై. మాకు పద్నాలుగడుగుల మీద రెండంగుళాలు వచ్చింది, అంటే తొంభై. ఆ నడిమి నుంచి స్తంభం మీదుగ సుతిలి సాపిన. పోయిపోయి యాదమ్మ బర్రె గూటం కాడనే పడ్డది.

"నా బర్రెల పేడ వాసనొస్తదని ఖాలా రోజు ముక్కు మూసుకుంటది. ఆమె ఇంటికోసం నా వాకిలి తవ్వాల్నా?" అన్నది యాదమ్మ.

ఖాలా గడపల నిలవడి, "నీళ్ల పాలు పోసినా ఏనాడన్న నోరు తెరిచిన్నా?" అన్నది.

నేను నడుమల వడ్డ. "అక్కా, మొండి బర్రెకు రెండు తాళ్లు కట్టి ఇద్దరు చెరో దిక్కు గుంజితె ఎటు పోతది?"

"నడుమకు పోతది. గిది గూడ తెల్వదా?"

"మరి దాన్ని ఆపాల్నంటె నువ్వేడ నిలవడ్తవ్?"

యాదమ్మ సుతిలి కొస నా చేతిలకెల్లి తీసుకొని తనే స్తంభం వెనుక నడిచింది. గూటం కాడ ఆగింది. రేకుల దిక్కు ఒకసారి చూసి గూటం పీకింది.

"తవ్వు. షాక్ కొట్టిందో, బర్రెను తెచ్చి మీ ఆఫీసుల కడ్త."

స్టే నడుమ పింగాణీ గుడ్డు పెట్టిన, కరెంటు కిందికి దిగకుండ. తాడు బిగియ్యంగనె స్తంభం నిటారుగ లేచింది. బర్రె రెండ్రోజులు అలిగి, మూడో పొద్దున పాలు చేపింది. బాలింతకని ఖాలా ఇంకో గిన్నె పాలు ఎక్కువ పొయ్యమని యాదమ్మకు చెప్పింది.

నేను నేర్చుకున్నది ఒక్కటే. స్టే జాగా రెండు గుంజుళ్లే చెప్తయి, దాన్ని జరపొద్దు. లొల్లికి భయపడకుండ మనిషికి కొలిచి చూపియ్యాలె.

మీ ఇంటి మీద కప్పు పదిలంగుండ, మీ పొయ్యి మీద పాలు ఎల్లకాలం పొంగుతుండ.